పొరలోని బొగ్గు, పొయ్యిలోని బొగ్గు

బొగ్గు ధర తేల్చే పరీక్ష చాలా చిన్నది. మెత్తగా నూరిన పొడి ఒక్క గ్రాము తీసుకుంటారు. దాన్ని ఉక్కు పాత్రలో పెట్టి, ఒత్తిడితో ఆక్సిజన్ నింపి, మూత బిగించి, కొలిచి పోసిన నీళ్లలో ముంచుతారు. లోపలి సన్నతీగకు కరెంటు తగలగానే పొడి భగ్గున మండుతుంది. చుట్టూ ఉన్న నీళ్లు రెండు డిగ్రీల దాకా వేడెక్కుతాయి. కిలో బొగ్గులో ఎన్ని కిలోకేలరీల వేడి ఉందో, అది ఏ గ్రేడో, టన్నుకు ఎంత ధర పలకాలో ఆ రెండు డిగ్రీలే తేలుస్తాయి.

ఒక గూడ్సు రేక్‌లో పట్టే బొగ్గు దాదాపు 4,000 టన్నులు. గ్రాముల్లో చెప్పాలంటే 400 కోట్లు. అన్ని కోట్ల గ్రాముల తరఫున సాక్ష్యం చెప్పేది ఈ ఒక్క గ్రామే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. కుండలో ఎసరు అన్ని మెతుకులకూ ఒకటే గనుక అక్కడ ఆ మాట చెల్లింది. బొగ్గుకు అలాంటి వీలు లేదు. ఒకే బొగ్గుబాయిలో, ఒకే పొరలో, పది అడుగుల ఎడంతో తీసిన రెండు పెళ్లలు కూడా ఒకేలా మండవు. పైగా అవి పొర విడిచి పొయ్యి చేరేలోగా ఎన్నో చేతులు మారతాయి. మారిన ప్రతిచోటా కొంత రాయి కలుస్తుంది, కొంత నీరు చేరుతుంది, కొంత వేడి గాలికి పోతుంది. కాబట్టి బొగ్గు నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు అది ఏ చోట కొలిచిన నాణ్యతో కూడా చెప్పాలి. పత్రికల్లో, చట్టసభల్లో, కరెంటు బిల్లుల మీద జరిగే వాదాల్లో ఎక్కువగా వదిలేసేది ఈ చిన్న సంగతినే.

గోదావరి లోయ బొగ్గు గోండ్వానా కాలానిది, 25 కోట్ల ఏళ్లకు పైబడినది. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో దీని జాడ పట్టారు. కొత్తగూడెం వైపు ఒక పొరను నేటికీ కింగ్ సీమ్ అంటారు. రాజరికానికి సంబంధం లేదు, అది ఆయన పేరే. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం తెలిసిన చరిత్రే. నాణ్యత కథ మాత్రం వీటన్నిటికంటే ముందు, ఆ చెట్లు బురదలో పడిన నాడే మొదలైంది.

అప్పటి చిత్తడి నేలల్లోకి నదులు చెట్ల అవశేషాలతో పాటు ఒండ్రును, సన్న ఇసుకను, బంకమట్టిని మోసుకొచ్చాయి. కుళ్లిన ఆకుతో ఆ మట్టి కణాలు కలిసిపోయాయి. లక్షల ఏళ్ల బరువుకు నలిగి రెండూ ఒకే రాయిగా గట్టిపడ్డాయి. అందుకే మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. విద్యుత్తుకు వాడే బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే మిగలడం ఈ దేశంలో మామూలు. విదేశాల్లో పేరున్న బొగ్గుల్లో కొన్నిటికి ఇది పది శాతం చుట్టుపక్కల ఉంటుంది. దీన్ని పట్టుకుని మన బొగ్గును తీసిపారేయడం ఒక అలవాటుగా మారింది. అయితే ఇందులో గంధకం చాలా తక్కువ, సాధారణంగా ఒక శాతం లోపే. అధిక గంధకం ఉన్న బొగ్గు తెచ్చిపెట్టే ఆమ్ల వర్షాల బాధ దీనితో అంతగా ఉండదు. బూడిదను చూసి మొహం చిట్లించేవారు ఈ మాట కూడా ఒక పక్కన రాసుకోవాలి.

ఒండ్రు ఎప్పుడూ సమానంగా రాలేదు. ఒక వరద ఎక్కువ తెచ్చింది, ఇంకొకటి తక్కువ. పెద్ద వరద వచ్చినప్పుడు బొగ్గు మధ్యలో జానెడు, మూరెడు మందాన మట్టి పట్టీ ఒకటి పరుచుకుంది. ఈనాటికీ పొరను నిలువుగా కోసి చూస్తే నలుపు, బూడిదరంగు, మళ్లీ నలుపు చారలుగా కనిపిస్తాయి. గని వాళ్లు బ్యాండ్లు అనేది వీటినే. ఒక పొర గ్రేడు చెప్పాలంటే ఈ బ్యాండ్లను కలుపుకుని చెప్పాలా, తీసేసి చెప్పాలా? బోరు వేసి నమూనా తీసే భూగర్భ శాస్త్రవేత్త రెండు లెక్కలూ రాస్తాడు. తవ్వేవాడికి అంత తీరిక ఉండదు.

తట్ట, చెమ్మస్ (పార) రోజుల్లో బొగ్గు నింపే కార్మికుడికీ బొగ్గుకూ మధ్య దూరం చేతి పొడవే. బ్లాస్టింగ్ తర్వాత పడిన కుప్పలో ఏది బొగ్గో ఏది బండో క్యాప్‌ల్యాంపు వెలుగులోనే తెలిసేది. బొగ్గు మెరుస్తుంది, షేల్ బండ మెరవదు. ఎత్తితే షేల్ బరువు, బొగ్గు తేలిక. బండ పెళ్లను పక్కకు నెట్టి బొగ్గును టబ్బులోకి ఎత్తడం పనిలో భాగమే. ఆ పని ఎంత కష్టమో, ఎన్ని నడుములు విరిచిందో తెలిసినవారెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. నాణ్యతను కాపాడిన మొదటి యంత్రం మనిషి కన్ను. ఆ తర్వాత బొగ్గును ఎత్తే, కోసే ఎస్‌డీఎల్‌లు, ఎల్‌హెచ్‌డీలు, లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. తట్ట మోసే బాధ పోయింది. ఏరే కన్ను కూడా దానితోపాటే పోయింది.

1970ల మధ్య నుంచి సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ పెరిగి, ఇప్పుడు ఏటా తీసే సుమారు 7 కోట్ల టన్నుల్లో అత్యధిక భాగం ఆ ఓపెన్‌కాస్ట్ గనుల (ఓసీల) నుంచే వస్తోంది. పొర మీద పరుచుకున్న పదుల మీటర్ల మట్టిని, అంటే ఓబీని తొలగించి, పొర తల కనబడగానే షావెల్ దిగుతుంది. దాని బకెట్ ఒక్కసారి నోరు తెరిస్తే చిన్న గది పడుతుంది. అలాంటి బకెట్‌తో జానెడు మందం మట్టి పట్టీని విడిగా ఎత్తడమంటే కుదిరే పని కాదు. అది కూడా బొగ్గుతోనే డంపర్ ఎక్కుతుంది. పొర పైభాగాన బురద పూర్తిగా ఊడ్చకపోయినా, కింద నేల కాస్త లోతుగా గోకినా అంతే సంగతి. నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది, మాట ఎక్కువగా రైల్వే సైడింగ్ దగ్గర నడుస్తుంది. అందుకే ఒక్కసారి లెక్క వేసి చూద్దాం.

పొర 5 మీటర్ల మందం అనుకుందాం. వేడి కిలోకు 4,500 కిలోకేలరీలు. దీనితో 30 సెంటీమీటర్ల రాయి కలిసింది. మందంలో చూస్తే ఆ రాయి 6 శాతం కూడా లేదు. కానీ రాయి బొగ్గుకంటే బరువు. బొగ్గు నీటికి ఒకటిన్నర రెట్లు తూగితే రాయి రెండుంబావు రెట్లు దాటి తూగుతుంది. బరువులో దాని వాటా 8 శాతం మించిపోతుంది. రాయి మండదు గనుక వేడి ఆ మేరకు పడిపోయి 4,120 దగ్గరికి వస్తుంది. ఇప్పటి లెక్క ప్రకారం 4,301 నుంచి 4,600 దాకా జీ10, 4,001 నుంచి 4,300 దాకా జీ11. అంటే ఆపరేటర్ చేతిలో ఒక అడుగు తేడా వస్తే చాలు, లక్షల టన్నుల బొగ్గు ఒక మెట్టు దిగిపోతుంది. పొరలో ప్రకృతి ఇచ్చింది జీ10. డంపర్‌లో మనం పోసింది జీ11.

దీనికి మందు లేకపోలేదు. సర్ఫేస్ మైనర్ అనే యంత్రం పేలుడు మందు అక్కర్లేకుండా పొరను పలచగా చెక్కుకుంటూ పోతుంది. బొగ్గును విడిగా, పట్టీని విడిగా తీయవచ్చు. చెక్కిన బొగ్గు అప్పటికే చిన్న ముక్కలుగా ఉంటుంది గనుక క్రషర్ పని కూడా తగ్గుతుంది. ఒడిశాలోని మహానది కోల్‌ఫీల్డ్స్ ఈ యంత్రాలను విరివిగా వాడుతోంది. అక్కడి తాల్చేరు బొగ్గుతోనే విశాఖ దగ్గరి సింహాద్రి కేంద్రం నడుస్తుంది. అయితే పొరలు నిటారుగా వాలిన చోట, గట్టి రాయి అడ్డొచ్చిన చోట ఈ యంత్రం సుఖంగా పనిచేయదు. ప్రతి బాయికీ ఒకే మందు రాసిపెట్టలేం. షావెల్ దగ్గర నిలబడి ఇది బొగ్గు, ఇది బండ అని చెప్పే సూపర్‌వైజర్, ఆ మాట వినేంత ఓపిక ఉన్న ఆపరేటర్ ఉంటే చాలా చోట్ల యంత్రం మార్చకుండానే సగం పని జరుగుతుంది. ఆ ఓపిక ఎందుకు కరవవుతుందో చివరికి వస్తాం.

బాయి దాటిన బొగ్గు కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుకు, అంటే సీహెచ్‌పీకి చేరుతుంది. అక్కడ క్రషర్లలో నలిగి బెల్టుల మీద సైలోకి, బంకర్‌కి ఎక్కుతుంది. బెల్టు పక్కన నిలబడి షేల్ ఏరే పని ఒకప్పుడు బొగ్గు పరిశ్రమ అంతటా ఉండేది. ఇప్పుడు గంటకు వందల టన్నులు పరుగెత్తే బెల్టు మీద చేతితో ఏరేదెంత! ఇక్కడ బొగ్గుకు కొత్త శత్రువులు ఇద్దరు ఎదురవుతారు. ఒకటి నీరు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలి, తప్పదు. చుట్టుపక్కల ఊళ్ల ఊపిరితిత్తులు టన్నుల కంటే విలువైనవి. వానాకాలంలో అడగకపోయినా ఆకాశమే చల్లుతుంది. నీరు బరువు పెంచుతుంది, వేడి తగ్గిస్తుంది. బాయిలర్‌లో ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత బొగ్గు ఖర్చవుతుంది. తడిసిన చూర బురదలా మారి షూట్లలో, బంకర్లలో అంటుకుపోతే దాన్ని గడ్డపారలతో పొడిచి దించాలి. రెండో శత్రువు గాలి. తవ్వి కుప్ప పోసిన బొగ్గు ఊరుకోదు, ఆక్సిజన్‌ను మెల్లగా పీల్చుకుంటూ లోలోపల వేడెక్కుతుంది. ఎండాకాలం నిల్వల్లో పొగ లేవడం గని ప్రాంతాల వారికి కొత్త కాదు. పొగ కనపడని కుప్పలో కూడా రోజురోజుకీ కొంత వేడి చల్లగా కరిగిపోతూనే ఉంటుంది. ముందు వచ్చిన బొగ్గు ముందు పంపాలన్నది ఇందుకే. కుప్పను తొక్కించి గట్టిపరచాలన్నదీ ఇందుకే. గూడ్సు రేక్‌లు సమయానికి రాకపోతే ఈ రెండు నియమాలూ కాగితం మీదే ఉంటాయి.

ఈ నిల్వ తరుగు ఎవరో ఊహించింది కాదు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2019 టారిఫ్ నిబంధనల్లోనే దీనికి ఒక అంకె ఉంది. విద్యుత్ కేంద్రానికి చేరిన బొగ్గు వేడిలో, నిల్వలో వచ్చే తేడా కింద కిలోకు 85 కిలోకేలరీలు తగ్గించుకుని ఖర్చు లెక్క కట్టవచ్చని అది ఒప్పుకుంది. ఆ 85 మన ఇంటి బిల్లులో ఎక్కడో ఒక మూల ఉంటుంది.

గ్రేడుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2011 చివరి దాకా మన దగ్గర ఏ నుంచి జీ దాకా ఏడు గ్రేడులు ఉండేవి. ఉపయోగపడే వేడి అనే ఒక లెక్క ఉండేది. 8,900 లోంచి, బూడిద శాతం, తేమ శాతం కలిపి 138తో గుణించి తీసేయడమే. బొగ్గును మండించి వేడి కొలవకుండానే ధర కట్టే పద్ధతి ఇది. 2012 జనవరి 1 నుంచి అసలు వేడినే కొలిచి, 300 కిలోకేలరీలకు ఒక మెట్టు చొప్పున జీ1 నుంచి జీ17 దాకా పదిహేడు మెట్లు కట్టారు. ప్రపంచం కొలిచే తీరుకు మనం దగ్గరయ్యాం. మెట్లు సన్నబడ్డాక కొట్లాటలు పెరిగాయి. పాత మెట్టు వెడల్పుగా ఉండేది గనుక కొంచెం అటూ ఇటూ జారినా అదే మెట్టు మీద నిలబడేవారు. ఇప్పుడు 4,310 వచ్చిన బొగ్గు, 4,290 వచ్చిన బొగ్గు వేరువేరు ధరలకు అమ్ముడుపోతాయి. పరీక్షలో సహజంగా వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు.

ఎవరూ మోసం చేయకుండానే తగాదా ఎలా పుడుతుందో చూపే లెక్క ఇంకొకటి ఉంది. ప్రకటించిన గ్రేడు ఒక నిర్ణీత తేమ దగ్గర కొలిచినది. నమూనాను 40 డిగ్రీల వేడి, 60 శాతం గాలి తేమ ఉన్నచోట కుదురుకోనిచ్చి, ఆ స్థితిలో ఎంత వేడి ఉందో చెబుతారు. వ్యాగన్‌లో ఉన్న బొగ్గుకు ఆ కుదురు ఎక్కడిది? కుదురుకున్న తేమ 6 శాతం, ఆ స్థితిలో వేడి 4,400 అనుకుందాం. అదే బొగ్గు వానలో తడిసి, మొత్తం తేమ 12 శాతంతో విద్యుత్ కేంద్రం చేరింది. చేరినప్పటి వేడి 4,120కి దిగిపోతుంది. అమ్మినవాడు జీ10 అంటాడు, కొన్నవాడు జీ11 అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇలాంటి తేడాను కుంభకోణం అని రాయడం తేలిక. నిజంగా రాళ్లు కలిపిన చోట దాన్ని తేమ తేడా అని కప్పెట్టడం కూడా అంతే తేలిక. రెండూ జరిగాయి గనుకే ఎవరి మాటా ఎవరూ నమ్మని స్థితి వచ్చింది.

నమ్మకం పోయిన చోట మూడో మనిషి వస్తాడు. ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ, అంటే సీఐఎంఎఫ్‌ఆర్, లోడింగ్ చోట నమూనాలు తీసి పరీక్షించే బాధ్యత చేపట్టింది. 2018లో కేంద్ర బొగ్గు శాఖ ఉత్తమ్ అనే యాప్ పెట్టి ఆ ఫలితాలను జనానికి కనిపించేలా చేసింది. ఇది మంచి మార్పు. కాకపోతే అసలు చిక్కు ప్రయోగశాలలో లేదు, నమూనా తీసే చేతిలో ఉంది. వ్యాగన్‌లో పోసిన బొగ్గు కుప్పలో పెళ్లలు దొర్లి అంచులకు చేరతాయి, చూర మధ్యలో నిలుస్తుంది. రైలు కదిలాక కుదుపులకు చూర అడుగుకు దిగుతుంది. పెళ్లకీ చూరకీ బూడిద శాతం ఒకటి కాదు. ఎక్కడ తవ్వి తీశావన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. తీసినదాన్ని కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుని, మిగతావి పారేసి, మళ్లీ నలగ్గొట్టి, మళ్లీ నాలుగు చేసి, అలా క్వింటాళ్ల నుంచి కిలోలకు, కిలోల నుంచి గ్రాములకు వస్తారు. ఎండలో, దుమ్ములో, రేక్ కదిలిపోతుందన్న తొందరలో జరిగే పని ఇది. ఒక్క విడత సరిగా కలపకపోయినా ఆఖరి గ్రాము వేరే కథ చెబుతుంది. నమూనాలో ఒక భాగాన్ని సీలు వేసి దాచి, తగవు వస్తే రెఫరీ ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ఉంది. దాచింది నమూనాలో భాగమే కదా. తీయడంలోనే తప్పు జరిగితే రెఫరీ మాత్రం ఏం చేస్తాడు? కదిలే బెల్టు మీద అడ్డంగా కోసి నమూనా తీసే ఆటోమేటిక్ యంత్రాలు, బెల్టు మీదే బూడిద కొలిచే పరికరాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మనిషిని మార్చడం కంటే నమూనా తీసే చోటు మార్చడం వల్ల ఎక్కువ మేలని ఈ పని తెలిసినవారు చెబుతూనే ఉన్నారు.

బొగ్గును కడిగితే సరిపోదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. బొగ్గు ఎంత కడిగినా తెల్లబడదని సామెత చెబుతుంది గానీ, వాషరీ పని తెల్లబరచడం కాదు, తేల్చడం. మాగ్నటైట్ పొడి కలిపిన చిక్కటి నీటిలో వేస్తే తేలికైన బొగ్గు తేలుతుంది, బరువైన రాయి మునుగుతుంది. తవ్వేటప్పుడు కలిసిన రాయి ఇలా బాగానే పోతుంది. నది తెచ్చి ఆకులో నూరిపోసిన ఆ సన్న మట్టి మాత్రం కడిగినా వదలదు. దాన్ని విడదీయాలంటే బొగ్గును పిండి చేయాలి. పైగా మునిగినదంతా రాయే కాదు, దానిలో బొగ్గు కూడా కొంత పోతుంది. గనికి వెయ్యి కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న విద్యుత్ కేంద్రాలకు బూడిద 34 శాతం మించని బొగ్గే పంపాలని 1997లో నియమం వచ్చింది. తర్వాత ఆ దూరాన్ని 500 కిలోమీటర్లకు కుదించారు. 2020 మేలో ఆ నియమాన్నే ఎత్తేశారు. కడగడం వల్ల బూడిద తగ్గదు, విద్యుత్ కేంద్రం దగ్గర పడేది వాషరీ దగ్గర పడుతుంది, అంతే తేడా అన్నది ఒక వాదన. అది అబద్ధం కాదు. అయితే 40 శాతం బూడిద ఉన్న బొగ్గు నింపిన రేక్ ఒకటి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళితే, అందులో 1,600 టన్నులు మండకుండా మిగిలే సరుకే. ఆ సరుకుకు రైలు కిరాయి కడుతున్నాం. రామగుండంలోలా గని పక్కనే విద్యుత్ కేంద్రం ఉండి, సొంత పట్టాల మీద రైలు చుట్టూ తిరిగే చోట కడగాల్సిన అవసరం తక్కువ. దూరాన్ని లెక్కలోకి తీసుకున్న పాత నియమంలో కనీసం ఆ వివేకం ఉండేది.

పొయ్యి దగ్గరికి వచ్చేసరికి మంచి బొగ్గు అన్న మాటకు అర్థం పొయ్యిని బట్టి మారిపోతుంది. విద్యుత్ కేంద్రానికి కావలసింది ముఖ్యంగా వేడి. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 2,400 కిలోకేలరీలు కావాలనుకుంటే, కిలోకు 4,000 కిలోకేలరీల బొగ్గు 600 గ్రాములు సరిపోతుంది, 3,600 కిలోకేలరీలదయితే 670 గ్రాముల దాకా పడుతుంది. తేడా డెబ్బై గ్రాములే కావచ్చు. ఆ మేరకు మిల్లులు ఎక్కువ నూరాలి, ఇసుక రేణువులు మిల్లు రోలర్లను, బాయిలర్ గొట్టాలను అరగదీస్తాయి, బూడిద చెరువు త్వరగా నిండుతుంది. బాయిలర్‌ను ఏదో ఒక బొగ్గును దృష్టిలో పెట్టుకునే కడతారు. దానికంటే మరీ మేలైనది వచ్చినా బాయిలర్ తికమక పడుతుంది. రోజుకో రకం రావడం కంటే రోజూ ఒకే నాసి రకం రావడం నయమని బాయిలర్ నడిపేవారు అనడంలో అతిశయోక్తి లేదు.

సిమెంటు కొలిమిది ఇంకో తీరు. అక్కడ బొగ్గు బూడిద బయటికి పోదు. మండే సున్నపురాయి మిశ్రమంలోనే కలిసి క్లింకర్‌లో భాగమైపోతుంది. అందుకే సిమెంటు కెమిస్టు బొగ్గు బూడిదను కూడా ముడిసరుకుల్లో ఒకటిగా లెక్క వేసుకుని సున్నపురాయి పాళ్లు సరిచేస్తాడు. బసంత్‌నగర్, దేవాపూర్ లాంటి చోట్ల గని పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. బూడిద ఎక్కువైనా ఆ కెమిస్టు సర్దుకుంటాడు. చెప్పకుండా మారితేనే అతని సిమెంటు చెడుతుంది. ఇక విద్యుత్ కేంద్రాల ఫ్లై యాష్ పోజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. గోదావరి లోయలో కోట్ల ఏళ్ల కిందట నది తెచ్చి కలిపిన ఒండ్రు అలా మన గోడల్లోకి వచ్చి చేరింది. బొగ్గులో దోషం అనుకున్నది సిమెంటులో సరుకైంది.

పాల్వంచలో 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ కర్మాగారం సింగరేణి బొగ్గుతో ఇనుప రాయిని ఇనుముగా మార్చి చూపింది. అక్కడ బొగ్గే మంట, రాయిలోని ఆక్సిజన్‌ను లాగేదీ బొగ్గే. దానికి ఎంత వేడి ఉందన్నదానికంటే బూడిద ఎంత వేడికి కరిగి అంటుకుంటుందన్నది ముఖ్యం. విశాఖ ఉక్కుకు మాత్రం ఈ బొగ్గు పనికిరాదు. కోక్ బట్టీలో గాలి తగలకుండా కాగినప్పుడు మెత్తబడి, ఉబ్బి, గట్టి గడ్డగా మారే గుణం సింగరేణి బొగ్గుకు లేదు. ఆ గుణమున్న బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. ఆ బొగ్గు తీరు కూడా విచిత్రమైనదే. కుప్పలో కొంతకాలం గాలికి ఉంటే దాని వేడి పెద్దగా తగ్గదు గానీ, గడ్డకట్టే గుణం ముందుగా చచ్చిపోతుంది. కేలరీ పరీక్షలో బాగానే నెగ్గిన బొగ్గు బట్టీలో పొడిగా రాలిపోతుంది. వేడి ఒక్కటే కొలిచి నాణ్యత తేల్చేశామనుకునేవారికి ఇది మంచి ఎదురు ఉదాహరణ.

రామగుండం ఎరువుల కర్మాగారం గుర్తుందా? 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీ బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయడానికి కట్టినది. కరెంటు కోతలు, యంత్రాల బాధలు, టెక్నాలజీ కుదరకపోవడం, ఇలా ఎన్నో కలిసి 1999లో మూతపడింది. మళ్లీ అదే చోట 2021లో యూరియా ఉత్పత్తి మొదలైనప్పుడు ముడిసరుకు బొగ్గు కాదు, పైపులైనులో వచ్చే సహజ వాయువు. గని వాకిట్లో కట్టిన ఫ్యాక్టరీ గనికి వీపు తిప్పుకుంది. ఇప్పుడు దేశంలో బొగ్గు గ్యాసిఫికేషన్ మాట మళ్లీ జోరుగా వినిపిస్తోంది. ఈసారి పథకాలు గీసేవారు టన్నుల లెక్కతో పాటు ఏ పొర బొగ్గు, ఎంత బూడిద, రోజుకు ఎంత మారుతుంది అన్నది కూడా ముందే రాసుకుంటే బాగుంటుంది.

షావెల్ దగ్గర ఓపిక కరవయ్యే సంగతి వాయిదా వేశాం. గనుల్లో లక్ష్యం టన్నుల్లో ఉంటుంది, సాధన టన్నుల్లో ఉంటుంది, అభినందన కూడా టన్నుల్లోనే వస్తుంది. ఓబీ తీసే కాంట్రాక్టు ఘనపు మీటర్లలో కొలుస్తారు. పొర మీది మట్టిని చివరి అడుగు దాకా శుభ్రంగా ఊడ్చిన షిఫ్టుకు ఆ రోజు టన్నులు తగ్గుతాయి. ఊడ్చని షిఫ్టుకు పెరుగుతాయి. గ్రేడు ఫలితం వచ్చేది ఎన్నో రోజుల తర్వాత, ఇంకెక్కడో, రేక్ మొత్తానికి కలిపి. అప్పటికి ఏ షిఫ్టు బొగ్గు ఏ వ్యాగన్‌లో పడిందో ఎవరికి గుర్తుంటుంది? గ్రేడు పడిపోతే కంపెనీ రాబడి తగ్గుతుంది, రాబడి తగ్గితే లాభం తగ్గుతుంది, లాభం తగ్గితే దసరా ముందు కార్మికులు ఎదురుచూసే లాభాల వాటా తగ్గుతుంది. అంటే నష్టం తిరిగి ఆ షిఫ్టు ఇంటికే చేరుతుంది గానీ, ఎక్కడి నుంచి వచ్చిందో దానికి తెలియదు.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఏ బెంచీ నుంచి వచ్చిన బొగ్గులో ఎంత బూడిద ఉందో మరుసటి రోజుకే ఆ బెంచీలో పనిచేసేవారికి చెప్పవచ్చు. అందుకు కావలసిన మఫిల్ ఫర్నేస్ 815 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లో జవాబు ఇస్తుంది, ఏ ఏరియా ప్రయోగశాలలోనైనా అది ఉంటుంది. ఏడాది చివర ఉత్పత్తి ప్రకటనలో ఎన్ని లక్షల టన్నులని రాసే వాక్యం పక్కన, ప్రకటించిన గ్రేడు ఎంత, అందించిన గ్రేడు ఎంత అని గని వారీగా మరో రెండు వరసలు వేయవచ్చు. అంకెలు ఎటూ కంపెనీ దగ్గరే ఉన్నాయి.